ఇల్లు మనదే... మీట ఎవరి చేతిలో?

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఇర్విన్ నగరం కేంద్రంగా పనిచేసే ఇన్‌స్టియాన్ సంస్థ 2022 ఏప్రిల్ నడుమ ఉన్నట్టుండి మూగపోయింది. ఇళ్లలోని దీపాలను, ఫ్యాన్లను, ఇతర ఉపకరణాలను సెల్‌ఫోన్ ద్వారా నడిపించే సామగ్రిని 2005 నుంచి విక్రయిస్తూ వచ్చిన ఈ సంస్థ, కొనుగోలుదారులకు ఎటువంటి ముందస్తు సమాచారం ఇవ్వకుండానే తన సర్వర్లను నిలిపివేసింది. ఫోన్‌పై ఎంత నొక్కినా దీపం వెలగలేదు. ఫిర్యాదు చేద్దామంటే పలికే నాథుడు లేడు. సంస్థ ఉన్నతాధికారులు కొందరు ఇంటర్నెట్‌లోని తమ ఉద్యోగ పరిచయాల నుంచి సంస్థ పేరునే తొలగించుకున్నట్లు అక్కడి పత్రికలు బయటపెట్టాయి. కొద్ది రోజుల అనంతరం వెలువడిన ప్రకటనతో అసలు సంగతి తెలిసింది. సంస్థను విక్రయించేందుకు చేసిన ప్రయత్నాలు మార్చిలో విఫలం కావడంతో ఆస్తులను ఒక ఆర్థిక సంస్థకు అప్పగించారన్నది దాని సారాంశం.

విశేషమేమంటే, ఆ ఇళ్లలో ఏ పరికరమూ చెడిపోలేదు. గోడ మీది స్విచ్ నొక్కితే దీపం ఎప్పటిలాగే వెలిగింది. డబ్బు పోసి కొనుక్కున్న అదనపు సౌకర్యం మాత్రం, కొన్నవారు ఎన్నడూ చూడని ఒక కంప్యూటర్‌తో పాటే ఆరిపోయింది. వైఫై బల్బులు, ఫోన్‌తో నడిచే ఫ్యాన్లు, గీజర్లు, తలుపు గడియలు మన పట్టణాల దుకాణాల్లోనూ వరుసగా పేర్చి అమ్ముతున్న నేపథ్యంలో ఈ ఉదంతం మనకూ పట్టనిది కాదు.

గది నుంచి గదికి... ఖండాలు దాటి

ఇంటి పరికరాలు తమంతట తాము, లేదా దూరం నుంచి అందే ఆదేశంతో నడిచే ఏర్పాటును హోమ్ ఆటోమేషన్ అని వ్యవహరిస్తున్నారు. దీని నడక సాధారణ కొనుగోలుదారు ఊహించే దానికి భిన్నంగా ఉంటుంది. హాలులో కూర్చున్న వ్యక్తి తన తలపైనున్న బల్బును ఫోన్‌తో వెలిగించాడనుకుందాం. ఫోన్‌కూ బల్బుకూ మధ్య దూరం పది అడుగులు. చాలా రకాల పరికరాలలో ఆదేశం ఆ పది అడుగులూ నేరుగా ప్రయాణించదు. ఫోన్ నుంచి వైఫై రౌటర్‌కు, అక్కడి నుంచి టెలికం సంస్థ తీగల ద్వారా బల్బు తయారీదారు సర్వర్‌కు చేరుతుంది. ఆ సర్వర్ ముంబయిలో ఉండవచ్చు, సింగపూర్‌లో ఉండవచ్చు, అమెరికాలోనైనా ఉండవచ్చు. ఫలానా ఖాతాదారుకు ఫలానా బల్బుపై అధికారం ఉందో లేదో అక్కడ సరిచూసిన తరువాత ఆదేశం తిరుగు ప్రయాణం కట్టి, బయలుదేరిన గదిలోనే ఉన్న బల్బును చేరుతుంది. ఇదంతా రెప్పపాటులో ముగుస్తుంది కనుక వాడేవారికి ఈ యాత్ర సంగతే తెలియదు.

ఇంత చుట్టు తిరగడం దేనికన్న సందేహం సహజం. దీనికి సాంకేతిక కారణం ఒకటి ఉంది. ఇంట్లోని రౌటర్ కాపలాదారు వంటిది. లోపలి నుంచి బయటకు వెళ్లే కబురును పోనిస్తుంది గాని, పిలవకుండా బయటి నుంచి వచ్చేవారిని గుమ్మం దాటనివ్వదు. అందువల్ల బల్బు తానే ముందుగా సర్వర్‌ను పలకరించి, ఆ లైను తెగకుండా పట్టుకుని కూర్చుంటుంది. యజమాని ఆఫీసు నుంచో, పొరుగూరి నుంచో పంపిన ఆదేశాన్ని సర్వర్ ఆ తెరిచి ఉన్న లైనులో అందిస్తుంది. కంప్యూటర్ పరిజ్ఞానం బొత్తిగా లేనివారు సైతం బల్బు బిగించి, పది నిమిషాల్లో ఫోన్‌తో కలుపుకోగలుగుతున్నారంటే ఈ ఏర్పాటే కారణం. ఆ మేరకు దీన్ని తప్పుపట్టలేం.

చిక్కంతా లెక్కల్లో ఉంది. బల్బు ఒక్కసారే అమ్ముడుపోతుంది. సర్వర్‌కు మాత్రం అద్దె, విద్యుత్తు, సిబ్బంది జీతాలు నెలనెలా తప్పవు. అమ్ముడైన నాటి నుంచి ప్రతి బల్బూ సంస్థకు ఖర్చు కిందే లెక్క. కొత్త అమ్మకాలు జోరుగా సాగినంతకాలం పాత బల్బుల భారాన్ని కొత్త బల్బులు మోస్తాయి. అమ్మకాలు మందగించిన నాడు సంస్థ ముందు కొద్ది దారులే మిగులుతాయి. అంతవరకు ఉచితంగా ఇచ్చినదానికి చందా విధించడం, వాడకందార్ల సమాచారాన్ని సొమ్ము చేసుకోవడం, లేదంటే సర్వర్‌కు తాళం వేయడం. బల్బు పెట్టెపై ముద్రించిన ధరలో ఈ సంగతులేవీ కనిపించవు.

సంస్థ నిక్షేపంగా ఉన్నా ఇబ్బంది తప్పని రోజులుంటాయి. 2025 అక్టోబరు 20న అమెరికాలోని వర్జీనియాలో ఉన్న అమెజాన్ కంప్యూటర్ కేంద్రాల్లో తలెత్తిన లోపం మూలంగా, వాటిపై ఆధారపడిన అనేక సేవలు ప్రపంచమంతటా గంటల తరబడి స్తంభించాయి. మాటతో దీపాలు వెలిగించే అలెక్సా, గుమ్మం వద్ద నిఘా వేసే రింగ్ కెమెరాలు వాటిలో ఉన్నాయి.

తీగలే తంతి మార్గం

ఇంటి ఉపకరణాలను దూరం నుంచి నడపాలన్న ఆలోచన ఇంటర్నెట్ కంటే పాతది. స్కాట్లాండ్‌లోని గ్లెన్‌రోథెస్ పట్టణానికి చెందిన పికో ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ 1975లో ఎక్స్-10 అనే పద్ధతిని రూపొందించింది. ఇంట్లో ఎలాగూ ఉన్న కరెంటు తీగల గుండానే సంకేతాలు పంపడం దీని ప్రత్యేకత. 16 అక్షరాలు, 16 అంకెల కలయికతో మొత్తం 256 పరికరాలకు చిరునామాలు ఇవ్వవచ్చు. ఆదేశం అందిందో లేదో తెలుసుకునే వీలు చాలా పరికరాల్లో ఉండేది కాదు. పొరుగింటివారు కూడా అదే అక్షరం ఎంచుకుంటే వారి మీటకు మన దీపం వెలిగిన సందర్భాలూ లేకపోలేదు. ఇన్ని లోపాలున్నా, అమ్మిన సంస్థ ఏమైపోయినా ఆ పరికరాలు పనిచేస్తూనే ఉండేవి. మధ్యలో మూడో మనిషి లేడు.

'జీవితకాలం' ఎవరిది?

ఇన్‌స్టియాన్ కంటే ముందే ఈ రంగానికి హెచ్చరిక అందింది. కొలరాడో రాష్ట్రం బౌల్డర్ నగరంలోని రివాల్వ్ అనే సంస్థ, వేర్వేరు కంపెనీల బల్బులను, తాళాలను, స్పీకర్లను ఒకే సాఫ్ట్‌వేర్ కిందికి తెచ్చే చిన్న పెట్టెను దాదాపు 300 డాలర్లకు విక్రయించింది. జీవితకాల చందా ధరలోనే కలిసి ఉన్నదని ప్రచారం చేసుకుంది. 2014 అక్టోబరులో ఈ సంస్థను నెస్ట్ కొనుగోలు చేసింది. ఆ నెస్ట్‌ను అదే ఏడాది జనవరిలో గూగుల్ 320 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించి ఉంది. చిన్న చేపను పెద్ద చేప, దాన్ని మరింత పెద్ద చేప మింగిన తరువాత రివాల్వ్ పెట్టెల అమ్మకం ఆగింది. 2016 మే 15 నుంచి సర్వర్ కూడా పనిచేయబోదని ప్రకటన వెలువడింది.

జీవితకాలం అన్న మాటకు ఏడాదిన్నరలోనే కాలం చెల్లింది. ఆ పెట్టె సర్వర్ లేనిదే క్షణం కూడా పనిచేయదు కనుక 300 డాలర్ల సామగ్రి బల్ల మీద బరువుకు తప్ప ఎందుకూ కొరగాకుండా పోయింది. వాడకందార్ల ఆగ్రహం పత్రికలకెక్కడంతో నెస్ట్ పూర్తి ధర తిరిగి చెల్లించేందుకు ముందుకు వచ్చింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ వ్యవహారంపై విచారణ జరిపింది. కొనుగోలుదారులు తప్పించుకునే వీలులేని, సమర్థనీయం కాని నష్టం ఇందులో ఉందా అన్నది విచారణాంశం. అమ్ముడైన పెట్టెల సంఖ్య పరిమితమనీ, సొమ్ము వాపసు చేశారనీ పేర్కొంటూ 2016 జులైలో చర్య లేకుండానే విచారణను ముగించింది. పెట్టెలు లక్షల్లో అమ్ముడై, సొమ్ము వాపసు చేసే స్తోమత సంస్థకు లేకుంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు మాత్రం సమాధానం దొరకలేదు. ఆరేళ్ల తరువాత ఇన్‌స్టియాన్ వినియోగదారులకు వాపసు ఇచ్చేవారే లేకపోయారు.

ఇదే వరుసలో మరొకటి. గోడకు బిగించి ఇంటి ఉష్ణోగ్రతను నియంత్రించే నెస్ట్ పరికరాల్లో మొదటి, రెండవ తరం నమూనాలకు గూగుల్ 2025 అక్టోబరు 25తో మద్దతు ఉపసంహరించుకుంది. వాటిని చేత్తో తిప్పి వాడుకోవచ్చు గాని ఫోన్ నుంచి నడిపే వీలు పోయింది.

అరచేతి కంప్యూటర్ ఆసరా

ఇన్‌స్టియాన్ బాధితులందరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆ సంస్థ పరికరాలు పరస్పరం మాట్లాడుకునేది ఇంటి కరెంటు తీగలు, రేడియో తరంగాల ద్వారానే కనుక, ఇంట్లోనే ఒక కంప్యూటర్‌ను పెత్తందారుగా నిలబెట్టుకోగలిగిన వారు సర్వర్ అవసరం లేకుండా వాటిని మళ్లీ నడిపించుకున్నారు. వారిలో అనేకులకు అక్కరకు వచ్చిన సాఫ్ట్‌వేర్ పేరు హోమ్ అసిస్టెంట్.

దీని పుట్టుక చిత్రమైనది. ఫోన్‌తో వెలిగించే హ్యూ బల్బులను ఫిలిప్స్ సంస్థ 2012లో విడుదల చేసింది. సూర్యుడు అస్తమించగానే ఆ దీపాలు వాటంతట అవే వెలిగేందుకు పాలస్ షౌట్సెన్ అనే డచ్ జాతీయుడు 2013లో చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాడు. దాన్ని ఎవరైనా వాడుకునేందుకు, మార్చుకునేందుకు వీలుగా ఉచితంగా విడుదల చేశాడు. ఒకరు తమ ఇంటి ఫ్యాన్‌కు, ఇంకొకరు సౌర ఫలకానికి, వేరొకరు నీళ్ల ట్యాంకుకు కావలసిన భాగం రాసి జోడిస్తూ పోయారు. ఇప్పుడు వేల మంది చేతులు పడిన ఈ సాఫ్ట్‌వేర్, రాస్‌బెరీ పై వంటి అరచేతిలో ఇమిడే చౌక కంప్యూటర్‌పైనే నడుస్తుంది. ఇదెన్నడూ ఒక కంపెనీ సొత్తుగా అమ్ముడుపోకుండా ఉండేందుకు 2024 ఏప్రిల్‌లో దీన్ని స్విట్జర్లాండ్‌లో నెలకొల్పిన ఓపెన్ హోమ్ ఫౌండేషన్‌కు అప్పగించారు. రివాల్వ్ కథ తెలిసినవారికి ఈ జాగ్రత్త అర్థం బోధపడకపోదు. జర్మనీకి చెందిన కై క్రూజర్ 2010లో ప్రారంభించిన ఓపెన్‌హాబ్ కూడా ఇదే కోవకు చెందుతుంది.

ఈ తరహా ఏర్పాట్లలో తరచు వినిపించే మరో పేరు ఎంక్యూటీటీ. పరికరాలు మాట్లాడుకునే భాష అనుకోవచ్చు. ఎడారుల గుండా సాగే చమురు గొట్టాల్లో పీడనం ఎంత ఉందో ఉపగ్రహం ద్వారా తెలుసుకునేందుకు 1999లో ఐబీఎం సంస్థకు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, మరో సంస్థకు చెందిన ఆర్లెన్ నిపర్ కలిసి దీన్ని రూపొందించారు. ఉపగ్రహ సమయం ఖరీదైనది కనుక సందేశం టెలిగ్రాం మాదిరి పొదుపుగా ఉండాలి. ఊరి చావడిలో నోటీసు బోర్డు ఉన్నట్లు ఊహించుకుంటే దీని పద్ధతి తెలుస్తుంది. వంటింటి ఉష్ణమాపకం తన అంకెను బోర్డుపై రాస్తుంది. ఆ అంకెతో పని ఉన్న ఫ్యాన్ దాన్ని చదువుకుంటుంది. రాసినవారికీ చదివినవారికీ ముఖపరిచయం అక్కరలేదు. చమురు గొట్టానికి పుట్టిన పొదుపు చవక బల్బుకూ కలిసి వచ్చింది.

ఇంటర్నెట్‌ను ఈ పద్ధతి పూర్తిగా వెలివేయదు. ఊళ్లో లేనప్పుడు ఇంటిని చూసుకోవాలంటే ఏదో ఒక ఆన్‌లైన్ వారధి కావలసిందే. హోమ్ అసిస్టెంట్ రూపకర్తలు 2018లో స్థాపించిన నబూ కాసా అనే సంస్థ నెలవారీ చందాపై ఈ వారధిని సమకూరుస్తున్నది. తేడా ఏమిటంటే, ఆ వారధి కూలినా ఇంట్లో ఉన్నవారికి దీపం వెలుగుతుంది.

పోతే, ఇది అందరికీ సాధ్యమయ్యే పని అనడం అతిశయోక్తి. మునుపటికంటే సులువైనా, ఓపిక, తీరిక, కంప్యూటర్‌తో కొంత చనువు కావాలి. పైగా పరికరాల తయారీదారులు సహకరించని సందర్భాలున్నాయి. కార్ల షెడ్డు తలుపులను ఫోన్‌తో తెరిచే అమెరికా సంస్థ చాంబర్లేన్, ఇటువంటి బయటి సాఫ్ట్‌వేర్లను 2023లో తన సర్వర్ల నుంచి అడ్డుకుంది. తమ వాడకందార్లలో 0.2 శాతం మంది వాడుతున్న అనధికార ప్రోగ్రాములే సర్వర్ రద్దీలో సగానికి మించి కారణమవుతున్నాయన్నది సంస్థ వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ ఇంటివారు తమ తలుపు మూసి ఉందో లేదో తెలుసుకునేందుకు పదేపదే సంస్థ సర్వర్‌నే అడగవలసి రావడం ఆ సంస్థ ఎంచుకున్న నిర్మాణమే కదా! 2024 జనవరిలో హయర్ సంస్థ యూరప్ విభాగం కూడా తమ ఉపకరణాలకు హోమ్ అసిస్టెంట్‌తో లంకె కుదిర్చిన ఒక ప్రోగ్రామర్‌కు నోటీసు పంపి, విమర్శలు రావడంతో కొద్ది రోజులకే మెత్తబడింది.

ఎవరి భాష వారిదిగా ఉన్న ఈ గందరగోళాన్ని తొలగించేందుకు ఆపిల్, అమెజాన్, గూగుల్ తదితర సంస్థలు 2019లో చేతులు కలిపి, 2022 అక్టోబరులో మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని విడుదల చేశాయి. ఆదేశం ఇంటి గడప దాటకుండానే అమలు కావడం ఇందులోని మూల సూత్రాల్లో ఒకటి. ఆ గుర్తు ఉన్న పరికరాలు మన మార్కెట్లోకీ వస్తున్నాయి గాని, చవక రకాల్లో ఇంకా అరుదే.

సిమ్ కార్డు స్టార్టర్లు

దూరం నుంచి మీట నొక్కడం తెలుగు రైతుకు కొత్త కాదు. వేళకాని వేళ వచ్చే కరెంటు కోసం రాత్రిళ్లు చేనుకు పోలేక బోరు మోటార్లకు ఆటోమేటిక్ స్టార్టర్లు బిగించుకున్నవారు వేలల్లో ఉన్నారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరిగేది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ సరఫరా ప్రారంభమైనప్పుడు, భూగర్భ జలాలు అడుగంటుతాయన్న ఆందోళనతో ఈ స్టార్టర్లను తొలగించాలని ప్రభుత్వం రైతులను కోరవలసి వచ్చింది. సిమ్ కార్డు అమర్చిన మొబైల్ స్టార్టర్ దీనికి మెరుగైన రూపం. ఇంటి నుంచి ఫోన్ చేస్తే మోటారు తిరుగుతుంది, మళ్లీ చేస్తే ఆగుతుంది. ఫోన్ పిలుపుతోనే నడిచే రకాలకు తయారీదారు సర్వర్‌తో పనిలేదు. అమ్మిన కంపెనీ ఎత్తేసినా, సిమ్‌లో బ్యాలెన్సు, టవర్‌లో సిగ్నల్ ఉన్నంతకాలం మోటారు పలుకుతుంది. యాప్‌తో నడిచే కొత్త రకాలకు ఈ భరోసా అన్నివేళలా ఉండదు.

పట్టణాల్లో పరిస్థితి వేరు. కరెంటు పోతే బల్బుతో పాటు రౌటర్ కూడా పోతుంది. తిరిగి వచ్చాక రౌటర్ తేరుకుని ఇంటర్నెట్ అందుకునేసరికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆలోగా ఫోన్ ఆదేశాలు పనిచేయవు. చాలా వైఫై బల్బులకు, కరెంటు పోయి వస్తే పూర్తి కాంతితో వెలిగే స్వభావం తయారీలోనే ఉంటుంది. అర్ధరాత్రి కరెంటు పోయి తెల్లవారుజామున మూడింటికి వస్తే ఇల్లంతా పెళ్లివారి ఇల్లయి కూర్చుంటుంది. కోతలు అరుదైన దేశాలను దృష్టిలో పెట్టుకుని చేసిన సరుకు ఇది.

అమెరికాలో స్థిరపడిన పిల్లలు ఇక్కడ ఒంటరిగా ఉంటున్న తల్లిదండ్రుల ఇళ్లలో కెమెరాలు, గుమ్మపు గంటలు పెట్టించడం మన ఊళ్లలో కొత్త విషయం కాదు. వారికి ఇవి విలాస వస్తువులు కావు. అటువంటి ఇంట్లో సర్వర్ ఆగడమంటే దీపం వెలగకపోవడం కంటే పెద్ద విషయం. అదే కెమెరా ఎవరి కంట్లోనైనా పడే ప్రమాదం మరోటి. కర్మాగారం పెట్టిన పాస్‌వర్డ్‌నే మార్చకుండా వదిలేసిన కెమెరాలు, వీడియో రికార్డర్లను వేల సంఖ్యలో లోబరుచుకున్న మిరాయ్ అనే దొంగ ప్రోగ్రామ్, 2016 అక్టోబరు 21న అమెరికాలో పేరున్న వెబ్‌సైట్లనేకం స్తంభించేలా చేసింది. ఇంటిలోపల కూడా పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటే పెత్తనం వారిదే. విడిపోయిన భార్యల ఇళ్లలో దీపాలను, తాళాలను, ఉష్ణోగ్రతను దూరం నుంచి మారుస్తూ వేధించిన ఉదంతాలను న్యూయార్క్ టైమ్స్ 2018లో వెలుగులోకి తెచ్చింది.

చట్టాల తీరు

సరుకు అమ్మిన తరువాత ఎంతకాలం మద్దతు ఇస్తారో ముందే చెప్పాలన్న నిబంధన బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29న అమలులోకి వచ్చింది. భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటివరకు ఇస్తారో వెల్లడించడం తప్పనిసరి. అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం నిషిద్ధం. యూరోపియన్ యూనియన్ తెచ్చిన సైబర్ రెసిలియెన్స్ చట్టంలోని ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. వాటి ప్రకారం సాధారణంగా అయిదేళ్లకు తగ్గకుండా మద్దతు ఇవ్వాలి. అయితే ఇవన్నీ ప్రధానంగా భద్రతా లోపాలను సరిదిద్దడానికి సంబంధించినవి. సర్వర్‌ను నడపడం సంస్థకు గిట్టుబాటు కానప్పుడు ఏమిటన్నది వేరే ప్రశ్న.

మన దేశంలో టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్ సెంటర్ 2021లో ఇటువంటి గృహ పరికరాల భద్రతకు మార్గదర్శకాలు విడుదల చేసింది. సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ 2024 ఏప్రిల్‌లో తెచ్చిన నిబంధనలు ఏడాది తరువాత అమలయ్యాయి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. ఫ్యాన్ మోటారు కాలిపోతే విడిభాగం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకునేందుకు ఇది ఉపకరిస్తుంది. ఆ ఫ్యాన్ మాట వినే సర్వర్‌ను ఎన్నేళ్లు నడుపుతారో పెట్టెపై ముద్రించాలన్న నిబంధన మాత్రం ఇంకా రాలేదు. గ్యారంటీ కార్డుల్లో మోటారుకు ఇన్నేళ్లు, ప్యానెల్‌కు ఇన్నేళ్లు అని ఉంటుంది. యాప్ మాట ఉండదు.

ఇన్‌స్టియాన్ కథ మరో మలుపు తిరిగింది. ఆ పరికరాలను ఇష్టంగా వాడుతూ వచ్చిన కొందరు జట్టుగా ఏర్పడి 2022 జూన్‌లో సంస్థ ఆస్తులను కొనుగోలు చేశారు. ఆగిపోయిన సర్వర్లు మళ్లీ తిరిగాయి. ఆ తరువాత ఏటా చందా కూడా వచ్చింది. అంతవరకు ఉచితంగా వాడినవారిలో కొందరు గొణిగినా, సర్వర్‌కు ఖర్చవుతుందన్న సంగతి మొదటిసారి బిల్లు రూపంలో కనిపించింది.

ఇంట్లో ఇప్పటికే ఇటువంటి పరికరం ఉన్నవారు దాని సంగతి రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. రౌటర్‌ను ఆపకుండా, దానికి బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ తీగను మాత్రం ఊడదీయాలి. ఫోన్‌లో మొబైల్ డేటాను కూడా ఆపి, వైఫైలో ఉంచి మీట నొక్కాలి. దీపం వెలిగితే ఆదేశం ఇంట్లోనే తిరుగుతున్నట్లు. వెలగకపోతే దాని మీట వేరే ఊళ్లో ఉన్నట్లు. కొత్తగా కొనేవారు ఇదే ప్రశ్నను దుకాణదారును అడిగి, వీలైతే అక్కడే చేసి చూపించమనడం మేలు.